పెంపుడు కుక్కకు పచ్చి కోడిమాంసం: చౌక ఎక్కడ, ముప్పు ఎక్కడ

ఆదివారం పొద్దున ఏ చికెన్ సెంటర్ దగ్గరైనా, స్కిన్‌లెస్ కోసం వచ్చినవారి మధ్యలో ఒకరిద్దరు మూత డబ్బా పట్టుకుని నిలబడి ఉంటారు. వారికి కావలసినది కూరకు పనికొచ్చే కిలో మాంసం కాదు; కాళ్లు, మెడలు, వీపు ముక్కలు, కందనకాయలు. ‘కుక్కకు’ అన్న మాట వినగానే దుకాణదారు మొద్దు పక్కన ఉన్న బకెట్‌లోంచి చేతికి అందినవి తీసి కవర్లో వేస్తాడు. తూకం వేస్తే వేస్తాడు, లేకపోతే లేదు. పదేళ్ల కిందటి వరకూ మన ఇళ్లలో కుక్కకు పెరుగన్నమో, మిగిలిన కూరన్నమో పెట్టేవారు. ఇప్పుడు ల్యాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు అపార్ట్‌మెంట్లలోకి వచ్చాయి, ప్యాకెట్ ఆహారం ధర నెల ఖర్చులో పెద్ద పద్దుగా మారింది, దానికి తోడు పచ్చి మాంసమే కుక్కకు సహజాహారమన్న మాట ఫోన్లలో విస్తరించింది. ఈ మూడూ కలిసి చికెన్ సెంటర్ బకెట్ మీద కొత్త ఆసక్తి పుట్టించాయి. ఆ బకెట్‌లోంచి నిజంగా ఎంత ఆదా అవుతుందో, ఏది తీసుకోవచ్చో, ఏది వదిలేయాలో తెలియకుండా మొదలుపెట్టిన ఇళ్లలో నష్టపోయేది ముందుగా కుక్క, ఒక్కోసారి ఇంట్లోని పసిబిడ్డ కూడా.

పచ్చి మాంసం, పచ్చి ఎముక పెట్టాలన్న వాదాన్ని ఇళ్లలోకి తెచ్చినవారిలో ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ ముఖ్యుడు. 1993 నుంచి ఆయన దీన్ని ప్రచారం చేశాడు. ఆ తర్వాత పచ్చి ఆహారం పెట్టేవారిలో ఎనభై పాళ్లు కండ, పది పాళ్లు ఎముక, పది పాళ్లు లోపలి అవయవాలు అన్న సూత్రం క్రమంగా స్థిరపడింది. అవయవాల్లో సగం కార్జం ఉండాలన్నది అందులో భాగమే. దీనికి ఎదురుగా, పచ్చి మాంసం పెంపుడు జంతువులకు పెట్టవద్దని అమెరికా పశువైద్యుల సంఘం 2012లో విధానంగానే ప్రకటించింది. ఈ రెండు వాదాలూ పుట్టిన దేశాల్లో కోడి కోసిన కొద్ది గంటల్లోనే చల్లబడుతుంది, దుకాణానికి చేరేదాకా చల్లగానే ఉంటుంది. మన దగ్గర బతికున్న కోడిని కళ్లముందే కోసి, వెచ్చటి మాంసాన్ని నల్ల కవర్లో వేసి చేతికిస్తారు. ఆ తేడాను లెక్కలోకి తీసుకోకుండా అక్కడి సూత్రాన్ని ఇక్కడ యథాతథంగా పాటించడం కుదరదు.

ముందు ధర సంగతి చూడాలి. దుకాణం బోర్డు మీద లైవ్, స్కిన్, స్కిన్‌లెస్ అని మూడు ధరలు ఉంటాయి. ఇవి మూడు రకాల కోళ్ల ధరలు కావు, ఒకే కోడికి మూడు తూకాలు. ఉదాహరణకు లైవ్ ధర కిలో 130 రూపాయలు అనుకుంటే రెండు కిలోల కోడి 260 రూపాయలు. దాని రక్తం, ఈకలు, పేగులు, తల, కాళ్లు పోగా తోలుతో సుమారు కిలోన్నరకు కొంచెం తక్కువ మిగులుతుంది, అంటే కిలో దాదాపు 180 పడుతుంది. తోలు కూడా తీసేస్తే కిలో పావు దగ్గర ఆగుతుంది, కిలో 208 అవుతుంది. దుకాణదారు లాభం దీనికి అదనం. అంటే స్కిన్‌లెస్ కొన్న మనిషి కాళ్లకూ తోలుకూ కూడా డబ్బు కట్టేశాడు. అందుకే అవి దుకాణంలో ఉచితంగానో, నామమాత్రపు ధరకో దొరుకుతాయి. కుక్క కోసం కొనేవారికి అసలైన ఆదా ఇక్కడే ఉంది. అదే కుక్కకు బోన్‌లెస్ కొనడం మొదలుపెడితే ఆ ఆదా అంతా పోయి, మంచి ప్యాకెట్ ఆహారం కంటే ఎక్కువ ఖర్చవుతుంది.

కండ భాగాన్ని చౌకగా సమకూర్చుకోవడానికి సరైన దారి కందనకాయ, గుండెకాయలు. చూడటానికి లోపలి భాగాల్లా ఉన్నా ఇవి రెండూ కండరాలే; ఆహారపు లెక్కలో వీటిని మాంసం కిందే వేయాలి, కార్జం కింద కాదు. గుండెకాయలో టారిన్ అన్న పదార్థం బాగా ఉంటుంది, అది పిల్లులకు ప్రాణావసరం. కందనకాయను చీల్చి లోపలి పసుపుపచ్చ పొరను, అందులోని ఇసుకనూ గింజలనూ తీసేసి ఇవ్వమని అడగాలి. రద్దీ ఉన్న ఆదివారం ఆ పని సరిగా చేయరు, మంగళవారమో గురువారమో వెళితే ఓపిగ్గా చేసిస్తారు.

వారాల సంగతి వచ్చింది కాబట్టి నెలల సంగతి కూడా చెప్పుకోవాలి. మన ప్రాంతంలో కోడి ధర పంచాంగాన్ని అనుసరిస్తుంది. శ్రావణంలో, కార్తికంలో మాంసం మానేసే ఇళ్లు ఎక్కువ కాబట్టి గిరాకీ పడిపోయి ధర దిగుతుంది. సంక్రాంతికి, రంజాన్ నెలలో ఎక్కుతుంది. ఎండలు ముదిరిన మే నెలలో షెడ్లలో కోళ్లు వడదెబ్బకు చనిపోతాయి, మేత తినక బరువు పెరగవు, దాంతో సరఫరా తగ్గి ధర మళ్లీ పైకి పోతుంది. డీప్ ఫ్రీజర్ ఉన్న ఇంట్లో కార్తికంలో కొన్న కందనకాయలు, మెడలు పొట్లాలు కట్టి రెండు మూడు నెలలు వాడుకోవచ్చు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లోని ఐస్ పెట్టె చాలావరకు మైనస్ 18 డిగ్రీలకు చేరదు, తలుపు తీసిన ప్రతిసారీ ఇంకా వెచ్చబడుతుంది. అలాంటి ఇళ్లలో వారానికి మించి నిల్వ పెట్టకపోవడమే మంచిది.

ధర మరీ తక్కువగా ఉన్న చోట అనుమానించాల్సిన విషయం ఒకటుంది. లారీల్లో, బుట్టల్లో వస్తూ దారిలో చచ్చిపోయిన కోళ్లను పారేయకుండా, కోసి తక్కువకు అమ్మే దుకాణాలు లేకపోలేదు. ముఖ్యంగా వేసవిలో ‘కుక్కకే కదా’ అని అవి అంటగడతారు. బతికుండగా కోసిన కోడికి రక్తం పూర్తిగా కారిపోతుంది, మాంసం లేత గులాబీ రంగులో ఉంటుంది, రెక్క కింద రక్తనాళాలు ఖాళీగా కనిపిస్తాయి. చచ్చిన తర్వాత కోసినదానిలో రక్తం లోపలే గడ్డకట్టి, మాంసం ముదురు ఎరుపుకు తిరుగుతుంది, మెడ దగ్గర తోలు ఊదారంగుకు మారుతుంది. ముక్కలు కొట్టేశాక ఈ తేడా పట్టుకోవడం కష్టం. అందుకే కుక్క కోసమైనా సరే, కళ్లముందు కోసిన కోడి భాగాలే తీసుకోవాలి, పొద్దున్నే తీసుకోవాలి. సాయంత్రం మిగిలిన బకెట్ ఉచితంగా ఇచ్చినా వద్దనాలి. మధ్యాహ్నమంతా 35 డిగ్రీల వేడిలో మూత లేకుండా ఉన్న మాంసంలో సూక్ష్మజీవులు ఎన్ని రెట్లయ్యాయో ఊహించవచ్చు.

తోలుతో తీసుకోవాలా, తోలు లేకుండానా అన్నదీ చిన్న ప్రశ్న కాదు. మన దుకాణాల్లో స్కిన్‌లెస్ కోడిని వేడినీళ్లలో ముంచరు. ఈకలతో సహా తోలును ఒక్క లాగుతో ఊడదీస్తారు. స్కిన్ కోడిని మాత్రం వేడినీళ్ల డ్రమ్ములో ముంచి, ఆ తర్వాత ఈకలు పీకే యంత్రంలో తిప్పుతారు. ఒకే డ్రమ్ములో ఒకదాని తర్వాత ఒకటిగా పాతిక కోళ్లు మునిగిన నీటిలో పేగుల మురికి కలుస్తుంది, యంత్రంలోని రబ్బరు వేళ్లు ఒక కోడి మురికిని మరో కోడికి అంటిస్తాయి. సూక్ష్మజీవులు ఎక్కువగా పట్టుకుని ఉండేదీ తోలు మీదే. పచ్చిగా పెట్టదలచిన ఇంటికి తోలు లేని భాగాలు మేలన్నది ఈ పద్ధతిని దగ్గరగా చూస్తే అర్థమవుతుంది. తోలులో కొవ్వు కూడా ఎక్కువే. వ్యాయామం లేని అపార్ట్‌మెంట్ కుక్కకు రోజూ తోలు పెడితే ఒళ్లు వస్తుంది, ఒక్కోసారి క్లోమం వాచి ప్రాణం మీదకు వస్తుంది.

ఇక ఎముక. పచ్చి ఆహారం పెట్టే ఇళ్లలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, అదీ రెండు వైపులా. కొందరు బోన్‌లెస్ మాత్రమే పెడతారు. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. రెండింటి నిష్పత్తి ఒకటికి పదిహేను, ఇరవై దాకా ఉంటుంది. కుక్కకు కాల్షియం భాస్వరంతో సమానంగానో, కొంచెం ఎక్కువగానో అందాలి. అందకపోతే శరీరం తన ఎముకల్లోంచే కాల్షియం తీసుకుంటుంది. ఎదిగే కుక్కపిల్లలో ఇది త్వరగా బయటపడుతుంది: నాలుగు నెలల కూన కుంటడం, ముందుకాళ్లు వంకరపోవడం, చిన్న గెంతుకే ఎముక విరగడం. మరికొందరు ఉచితంగా వచ్చాయని కాళ్లూ మెడలూ మాత్రమే పెడతారు. కోడికాలులో సగానికి పైగా ఎముకే, మెడలో మూడో వంతుకు పైగా ఎముకే. అలా పెట్టిన కుక్క మలం తెల్లగా, సుద్దలా పొడిపొడిగా వస్తుంది, ముక్కుతూ గంటసేపు తిరుగుతుంది. కార్జం ఎక్కువైతే దీనికి వ్యతిరేకంగా నల్లగా, జారుగా వస్తుంది. ఖరీదైన పరీక్షలేవీ లేకుండా నిష్పత్తి తప్పిందని చెప్పే గుర్తులు ఇవే. రోజూ వాకింగ్‌కు తీసుకెళ్లే మనిషి వీటిని గమనించాలి.

ఇరవై కిలోల ఆరోగ్యమైన పెద్ద కుక్కను ఉదాహరణగా తీసుకుంటే, శరీర బరువులో రెండు నుంచి మూడు శాతం లెక్కన రోజుకు సుమారు అర కిలో, వారానికి మూడున్నర కిలోలు కావాలి. అందులో పదో వంతు ఎముక అంటే 350 గ్రాములు. గోళ్లు తీసిన కాళ్లు పావు కిలో, వీపు, మెడ ముక్కలు 450 గ్రాములు కలిపితే అంత ఎముక దాదాపుగా వచ్చేస్తుంది. కార్జం 175 గ్రాములు. మిగతా అవయవాల కోసం కోడి చాలదు. మటన్ దుకాణంలో తిల్లి (ప్లీహం), గుర్దా (మూత్రపిండం) కలిపి మరో 175 గ్రాములు తీసుకోవాలి, వాటికి గిరాకీ తక్కువ కాబట్టి ధరా తక్కువే. కందనకాయ, గుండెకాయలు ఒక కిలో. ఇక మిగిలింది కిలోన్నరకు కాస్త తక్కువ తొడ మాంసం. వారంలో నిజంగా ఖరీదు పెట్టి కొనాల్సింది ఈ ఒక్కటే. ఇంత లెక్క వేసినా కోడితో మాత్రమే నడిచే ఆహారంలో జింక్, మాంగనీసు, అయొడిన్, ఇ విటమిన్, చేపనూనెలో ఉండే కొవ్వులు తక్కువ పడతాయి. కోస్తాలో చవగ్గా దొరికే కవళ్ల చేపలను ఉడికించి వారానికి రెండుసార్లు పెడితే చేపనూనె లోటు కొంత తీరుతుంది. మిగతావాటికి పశువైద్యుడు రాసిచ్చే ఖనిజ మిశ్రమం తప్పదు. ఎదిగే కూనలకు ఈ లెక్క అసలు వర్తించదు. వాటికి ఇంటి ఆహారం పెట్టాలనుకుంటే రాజేంద్రనగర్‌లోనో తిరుపతిలోనో ఉన్న పశువైద్య కళాశాల ఆసుపత్రిలో బరువు, జాతి చూపించి పాళ్లు రాయించుకోవాలి.

కోళ్లలోనూ తేడా ఉంది. బ్రాయిలర్‌ను దాదాపు ఆరు వారాలకే కోస్తారు కాబట్టి దాని ఎముక మెత్తగా ఉంటుంది, పచ్చిగా ఉన్నప్పుడు కుక్క పళ్ల కింద నలుగుతుంది. గుడ్లు పెట్టడం అయిపోయాక ఊళ్లలో తక్కువ ధరకు అమ్మే లేయర్ కోడి అలా కాదు. ఏడాదికి పైగా రోజూ గుడ్డు పెంకు కోసం తన ఎముకల్లోని కాల్షియం ధారపోసిన కోడి అది. దాని ఎముక పెళుసుగా ఉండి మొనలుగా చీలుతుంది. ధర చూసి లేయర్ కోడిని పచ్చిగా పెట్టడం ప్రమాదకరం. నాటుకోడి శుద్ధమైనదన్న నమ్మకం కూడా ఇక్కడ పనికిరాదు. వీధిలో నేల పొడుచుకుని తిరిగే కోడి కండరాల్లో టాక్సోప్లాస్మా అన్న పరాన్నజీవి ఉండే అవకాశం షెడ్డులో పెరిగిన కోడి కంటే ఎక్కువ. ఆ మాంసం పచ్చిగా తిన్న పిల్లి మలం ద్వారా అది మనుషులకు సోకవచ్చు, గర్భిణి ఉన్న ఇంట్లో కడుపులోని బిడ్డకు హాని చేయవచ్చు.

తల, పేగులు ఎంత ఉచితంగా ఇచ్చినా తీసుకోకూడనివి. సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అనే సూక్ష్మజీవుల నివాసం పేగులే. తల, ముక్కు, గొంతు భాగాలు పక్షి రోగాల వైరస్‌లు దాగే చోట్లు. ఏ ఇతర వ్యాపారానికి తరలిపోయే వ్యర్థాల డ్రమ్ములోంచి తీసినదైనా అంతే. చేపల చెరువులకు కోడి వ్యర్థాలు చేరవేసేవారి కోసం దుకాణాల వెనక నింపి ఉంచే డ్రమ్ములు చాలామంది చూసే ఉంటారు. అందులో పడినది ఏదీ తిండి కాదు.

పచ్చి మాంసం వల్ల కుక్కకు ఏమీ కాదు, దాని కడుపులోని ఆమ్లం అన్నిటినీ చంపుతుంది అన్న మాట సగమే నిజం. ఆరోగ్యమైన కుక్క సాల్మొనెల్లా మింగినా చాలాసార్లు జబ్బు పడదు. అయితే కొన్ని రోజులపాటు మలంలో దాన్ని విడుస్తూ ఉంటుంది, మూతి నాకుతుంది, అదే మూతితో పిల్లవాడి చెయ్యి నాకుతుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2010, 2012 మధ్య మార్కెట్‌లో దొరికే 196 పచ్చి పెంపుడు జంతువుల ఆహారపు నమూనాలు పరీక్షిస్తే 15 నమూనాల్లో సాల్మొనెల్లా, 32 నమూనాల్లో లిస్టీరియా అనే మరో హానికర సూక్ష్మజీవి బయటపడ్డాయి. ప్యాకింగ్, ఫ్రీజింగ్ సక్రమంగా జరిగే చోట ఫలితం అది. ఇక మెడల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే చిన్న జాతి కుక్కలకు పళ్లు శుభ్రపడతాయని వాటినే ఎక్కువ పెడతారు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పశువైద్యులు 2018లో వెల్లడించిన అధ్యయనంలో, వెనక కాళ్లతో మొదలై ఒళ్లంతా చచ్చుబడే నరాల జబ్బు వచ్చిన 27 కుక్కలను, ఆరోగ్యంగా ఉన్న 47 కుక్కలతో పోల్చి చూశారు. జబ్బుపడిన వాటిలో కాంపైలోబాక్టర్ ఉండే అవకాశం తొమ్మిది రెట్లకు పైగా ఎక్కువని తేలింది. పచ్చి కోడిమాంసం, ముఖ్యంగా మెడలు, దానికి మూలమని వారు అనుమానించారు. చాలా కుక్కలు కోలుకుంటాయి, కానీ ఆరు నెలలు పట్టవచ్చు, ఛాతీ కండరాలు చచ్చుబడినవి ఊపిరాడక చనిపోవచ్చు.

వీటన్నిటికంటే గట్టిగా ఆలోచించాల్సింది బర్డ్ ఫ్లూ విషయం. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ ఉందని భోపాల్‌లోని జంతువ్యాధుల ప్రయోగశాల నిర్ధారించినప్పుడు మనుషులంతా చికెన్ మానేశారు, ధర అమాంతం పడిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ‘చవగ్గా ఉంది, కుక్కకు కొనిపెట్టుకుందాం’ అన్న ఆలోచన చాలా ఇళ్లలో సహజంగా పుడుతుంది. అది అతి ప్రమాదకరమైన బేరం. అంతకు కొద్ది వారాల ముందే నాగపూర్ దగ్గరి గోరేవాడ సంరక్షణ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత ఇదే వైరస్‌తో చనిపోయాయి, వాటికి పెట్టిన కోడిమాంసం మీదే అనుమానం పడింది. అదే కాలంలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లుల్లోనూ అది కనిపించింది. 2024 డిసెంబరులో అమెరికాలోని ఒరెగాన్‌లో ఫ్రీజ్ చేసిన పచ్చి టర్కీ ఆహారం తిన్న పిల్లి చనిపోగా, పిల్లిలోని వైరస్, ప్యాకెట్‌లోని వైరస్ జన్యుపరంగా ఒకటేనని తేలింది. మన దగ్గర 2025 మార్చిలో పల్నాడు జిల్లాలో రెండేళ్ల పాప ఈ వైరస్‌తో మరణించింది. అంతకుముందు ఆ పాప పచ్చి కోడి ముక్క తిన్నదని ఆరోగ్యశాఖ విచారణలో బయటికొచ్చింది. ఇంట్లో పచ్చి మాంసం నేల మీద, పిల్లల చేతికి అందే గిన్నెలో ఉండటం అంటే ఏమిటో దీన్ని బట్టి తెలుసుకోవాలి. చుట్టుపక్కల జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వార్త ఉన్నంతకాలం ఏ కుక్కకూ, ఏ పిల్లికీ పచ్చి కోడి పెట్టకూడదు. పిల్లులకైతే మామూలు రోజుల్లో కూడా పెట్టకపోవడమే సరి. ఈ వైరస్ సోకిన పిల్లి చాలావరకు బతకదు.

ఫ్రీజర్‌లో పెడితే అన్నీ చచ్చిపోతాయన్న నమ్మకాన్ని ఒరెగాన్ పిల్లి ఉదంతమే కొట్టిపారేస్తుంది. చలికి టాక్సోప్లాస్మా వంటి పరాన్నజీవులు చనిపోతాయి, కాంపైలోబాక్టర్ సంఖ్య తగ్గుతుంది. సాల్మొనెల్లా, హెచ్5ఎన్1 మాత్రం నిద్రపోతాయే తప్ప చావవు. పసుపు, ఉప్పు వేసి కడిగితే శుభ్రమవుతుందన్నదీ అలాంటిదే. మన వంటింట్లో కోడిని పసుపునీళ్లలో కడగటం తరాల అలవాటు, దాని వల్ల నీచు వాసన పోతుంది, సూక్ష్మజీవులు పోవు. పైగా కుళాయి కింద కడిగిన నీటి తుంపర్లు సింకు చుట్టూ, పక్కన ఆరబెట్టిన గ్లాసుల మీద పడతాయి. కుక్క మాంసాన్ని అసలు కడగకుండా, మట్టి, ఈకలు ఉంటే కాగితంతో తుడిచేసి పొట్లం కట్టడమే మంచి పద్ధతి. ఉప్పు కుక్కకు అవసరం లేదు.

పచ్చిగానే పెట్టాలని నిశ్చయించుకున్న ఇంట్లో తయారీ ఇలా సాగాలి. వెళ్లేటప్పుడే మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా, అందులో రెండు ఐస్ సీసాలు తీసుకెళ్లాలి, అరగంటలో ఇల్లు చేరాలి. కుక్క మాంసానికి వేరే కత్తి, వేరే చెక్క, వేరే బేసిన్ ఉండాలి. అవి వంటింటి గిన్నెల్లో కలవకూడదు. కాళ్లకు గోళ్లు మొదటి కణుపు దాకా కొట్టేయాలి. గబగబా మింగే కుక్కకు మెడను చిన్న ముక్కలు చేయడం కంటే నోటిలో పట్టనంత పెద్దదిగా ఇవ్వడమే క్షేమం, అప్పుడు అది నమలక తప్పదు. పొడుగ్గా నిలువునా మింగే అలవాటున్న వాటికి పచ్చి ఎముక మానేయాలి. ఒక పూటకు ఒక పొట్లం చొప్పున పలుచగా, చదునుగా కట్టి ఫ్రీజర్‌లో పెడితే త్వరగా గడ్డకడుతుంది, త్వరగా కరుగుతుంది. ముందురాత్రి ఫ్రిజ్ కింది అరలో, లోతైన గిన్నెలో పెట్టి కరిగించాలి. వంటింటి గట్టు మీద వదిలేస్తే పైపొర గంటలోనే గది వేడికి వచ్చేస్తుంది. కరిగినదాన్ని మళ్లీ గడ్డ కట్టించకూడదు. ఎండాకాలంలో నాలుగైదు గంటలు కరెంటు పోయి పొట్లాలు మెత్తబడితే, పచ్చిగా పెట్టాలన్న ఆలోచన మాని వెంటనే ఉడికించేయాలి. దుకాణంలోని ఖీమా యంత్రంలో తిప్పించడం మంచిది కాదు. అందరి మాంసం తిరిగే యంత్రం అది, ముక్క పైన మాత్రమే ఉన్న సూక్ష్మజీవిని అది మాంసమంతా కలిపేస్తుంది.

ఇన్ని షరతులు పాటించగలిగే ఇళ్లు ఎన్ని ఉంటాయి? నిజాయితీగా చెప్పాలంటే, మన వాతావరణంలో, మన కోత పద్ధతిలో, చౌకగా కొన్న కోడిని కుక్కరులో పెట్టడమే ఎక్కువ ఇళ్లకు తగిన మార్గం. కొనుగోలు లెక్క అదే, భాగాలు అవే, నిష్పత్తీ అదే. మారేది ఎముక ఒక్కటే. మామూలుగా ఉడికించిన ఎముక చీలికలై పేగును చీరుతుంది, ఇది అందరికీ తెలిసిన విషయమే. కానీ కాళ్లనూ మెడలనూ మునిగేదాకా నీళ్లు పోసి కుక్కరులో సన్నటి మంట మీద గంట, గంటన్నర ఉంచితే ఎముక వేళ్ల మధ్య నలిపినప్పుడు సుద్దలా పొడి అవుతుంది. ప్రతి ఎముకనూ చేత్తో నలిపి చూసి, గట్టిగా తగిలినది ఏదైనా పారేయాలి. లేయర్ కోడి పెళుసు ఎముకకూ ఇదే చికిత్స, దానికి ఇంకో అరగంట ఎక్కువ పడుతుంది. ఆ నీళ్లు చల్లారాక జెల్లీలా గడ్డకడతాయి, పైన తేలిన కొవ్వు తీసేసి మిగతాది అన్నంలో కలపవచ్చు. కందనకాయ, కార్జం విడిగా పది నిమిషాలు ఉడికిస్తే చాలు. ముక్క మధ్యభాగం కూడా 74 డిగ్రీలకు చేరితే సాల్మొనెల్లా, బర్డ్ ఫ్లూ వైరస్ రెండూ చనిపోతాయి. ఉల్లి, వెల్లుల్లి, మసాలా ఏదీ అందులో పడకూడదు. ఉల్లి కుక్క రక్తకణాలను పగలగొడుతుంది, కాబట్టి మనింటి కోడిపులుసు గిన్నె కడిగిన నీళ్లు కూడా దాని గిన్నెలో పోయకూడదు.

ఎముక వద్దే వద్దనుకున్నవారికి గుడ్డు పెంకు ఉంది. పెంకుల్ని కడిగి, పది నిమిషాలు మరిగించి, ఆరబెట్టి మిక్సీలో మైదాలా పొడి చేసుకుంటే, అర కిలో ఎముక లేని మాంసానికి అర టీస్పూను పొడి సరిపోతుంది. అందులో దాదాపు ఒక గ్రాము కాల్షియం ఉంటుంది, ఆ మాంసంలోని భాస్వరానికి అది సరితూగుతుంది. వారానికి ఇంట్లో పగిలే డజను గుడ్ల పెంకులతో ఒక కుక్క అవసరం పూర్తిగా తీరుతుంది, ఖర్చు సున్నా. మూత్రపిండాల జబ్బు, ఇంకేదైనా దీర్ఘవ్యాధి ఉన్న కుక్కకు మాత్రం ఇది వైద్యుడిని అడిగే వేయాలి.

పసిపిల్లలు, ముసలివారు, క్యాన్సర్ మందులు వాడుతున్నవారు, గర్భిణి ఉన్న ఇంట్లో పచ్చి మాంసం గురించి ఆలోచించనే కూడదు. కుక్క స్వయంగా స్టెరాయిడ్ మందులు తీసుకుంటున్నా అంతే. పచ్చిగా పెట్టే ఇళ్లలో గిన్నెను నేల మీద వదిలేయకుండా పావుగంటలో ఎత్తేసి, వేడినీళ్లు, సబ్బుతో బాత్రూములో కడగాలి, వంటింటి సింకులో కాదు. కుక్క మాంసం ముక్కను పరుపు మీదకో, సోఫా కిందకో లాక్కుపోకుండా ఒకే చోట, తుడవడానికి వీలైన రేకు మీదో పళ్లెంలోనో తినేలా అలవాటు చేయాలి. తిన్న తర్వాత గంటసేపు పిల్లలను నాకనివ్వకూడదు, మలాన్ని చేత్తో తాకకుండా కవరుతో ఎత్తి పారేయాలి. దుకాణంలోంచి తెచ్చిన నల్ల కవరును చెత్తబుట్టలో మూత లేకుండా పడేస్తే, రాత్రి వీధికుక్కలు లాగి రోడ్డంతా చల్లుతాయి. రెండు పొరల కాగితంలో చుట్టి, మరునాడు పొద్దున చెత్తబండి వచ్చేదాకా ఫ్రీజర్‌లో ఒక మూలన ఉంచితే ఆ ఇబ్బంది ఉండదు.